మహాత్మ, మహాత్మా, మధ్యలో సెన్సారు

మహాత్మ గాంధీనా, మహాత్మా గాంధీనా అని మళ్లీ గొడవ మొదలైంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. సంస్కృతంలో మాట మహాత్మన్, ప్రథమా విభక్తిలో మహాత్మా. తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం పొట్టిదవుతుంది, సీతా సీత అయినట్టు. మనిషిని చెప్పాలంటే మహాత్ముడు. మనం చివర దీర్ఘం పెట్టి 'మహాత్మా' అంటే అది పిలుపు. 'మహాత్మా గాంధీ' హిందీ నుంచి అంటుకున్న అలవాటని నా అనుమానం, తప్పనను గానీ నేను రాయను.

అసలు చెప్పాలనుకున్నది వేరే. ఈ మాట సినిమా పేరుగా పనికిరాదని బ్రిటిష్ కాలం సెన్సారు అడ్డుపడింది తెలుసా? 1935లో ప్రభాత్ సినిమా సంస్థకి దర్శకుడు శాంతారాం మరాఠీ భక్తకవి ఏకనాథుడి కథ తీశాడు, ఏకనాథుడి వేషం మరాఠీ నాటకాల నటుడు బాలగంధర్వది, పేరు 'మహాత్మ'. ఏకనాథుడు పదహారో శతాబ్దం మనిషి, పైఠణ్ ఊరు, అంటరానివాళ్లన్న వాళ్లింట్లో కూర్చుని భోంచేసిన బ్రాహ్మడు. గాంధీకి మూడొందల ఏళ్ల ముందు. అయినా పోస్టరు మీద ఆ మాట చూస్తే జనానికి ఎవరు గుర్తొస్తారో సెన్సారు వాళ్లకి తెలుసు, సినిమా చివరికి 'ధర్మాత్మ' అయి బయటికొచ్చింది. ఒక మామూలు మాట ఒకే మనిషి పేరైపోయిందని నిఘంటువుల కన్నా ముందు సెన్సారు వాళ్లే కనిపెట్టారన్నమాట!

— బాగుందండీ. కానీ ఆ 'ధర్మాత్మ' మన చెవికి వేరేగా పడుతుంది. మనకి ధర్మం అంటే బిచ్చం కూడా కదా, 'ధర్మం చెయ్యండి బాబూ' అని. మా అమ్మమ్మైతే ఎవరో అన్నదాత కథ అనుకునేది.

— సెన్సారొక్కటే అడ్డమా మాస్టారూ? 1939లో గూడవల్లి రామబ్రహ్మం జమీందార్లను ఎదిరించే రైతుల కథగా 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు మండిపడ్డారు. తమాషా ఏంటంటే ఆ సినిమా నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనకున్నది చల్లపల్లి జమీందారే. పేరులో రెండూ మన ఇళ్లలో రోజూ వినే మాటలే, రైతు, బిడ్డ. వాటిలో కోపం తెప్పించేది ఏముందో చెప్పండి.

— శాంతారాం ఈ దెబ్బ అంతకుముందే తిన్నాడండీ. 1930లో శివాజీ మీద మూకీ తీసి తనే శివాజీ వేశాడు, పేరు 'స్వరాజ్య తోరణ్'. మొదటి మాటకే సెన్సారు వాళ్లకి టెన్షన్ పట్టుకుంది. తీసేయమంటే 'ఉదయకాల్' అని పెట్టాడు, వాళ్లు సరేనన్నారు! స్వరాజ్యం పోయి పొద్దుపొడుపు వచ్చింది, కథ మాత్రం అదే శివాజీ, అవే కోటలు. దాన్నే తెలుగులో 'తెల్లవారింది' అని పెట్టి ఉంటే ఇంకా మజాగా ఉండేది, తెల్లవారి సెన్సారుకి ఆ మాట ఎటు విరుచుకోవాలో తెలిసేది కాదు.