క్లాసులో ట్యాబ్‌లు ఎలా వాడిస్తున్నారు? టీచర్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు మా పిల్లల దగ్గరున్నాయి. క్లాసులో 34 మంది.

వీడియో చూడమంటే ఒక్కో ట్యాబ్ ఒక్కో మాట చెబుతుంది, ఏదీ ఎవరికీ వినపడదు. గదికి ప్లగ్ పాయింట్ ఒకటే. మధ్యాహ్నానికి సగం ట్యాబ్‌లలో చార్జింగ్ ఉండదు.

అయినా పోయిన వారం ఇద్దరికి ఒకటి చొప్పున పెట్టి, నెట్ లేకుండానే జియోజీబ్రా అనే లెక్కల యాప్‌లో త్రిభుజం గీయించాను. మూలను వేలితో లాగితే మూడు కోణాలూ మారుతున్నాయి, కలిపితే మాత్రం 180 డిగ్రీలే. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఎంత లాగినా మొత్తం మారట్లేదు, ఎందుకు సార్?" అంది. బోర్డు మీద ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పాను. ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అందుకే వీటిని బీరువాలో పెట్టేయడానికి మనసొప్పడం లేదు.

45 నిమిషాల పీరియడ్‌లో ట్యాబ్ ఎంతసేపు ఉండాలి? పాఠానికి ముందా, తర్వాతా? ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలోని వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేయించి ఎవరైనా వాడుతున్నారా? ఇంటికి లెక్కలిస్తే జవాబు చూసి దింపేస్తున్నారు, దానికేం చేస్తున్నారు? ఈ చివరిదే నాకు ఎక్కువ టెన్షన్. మీ క్లాసులో నిజంగా పనిచేసినవీ, చేయనివీ కూడా రాయండి.