సైన్యానికి సైబర్ రేంజ్ సాఫ్ట్‌వేర్: చిన్న సంస్థకు దారి టెండరా, ఐడెక్సా?

ప్రశ్న: రేణిగుంట రోడ్డు

తిరుపతిలో ఆరుగురం కలిసి నడుపుతున్న చిన్న సంస్థ మాది. చెక్ దేశపు మసారిక్ విశ్వవిద్యాలయం 2020లో ఓపెన్ సోర్స్‌గా (కోడ్ అందరికీ తెరిచి) విడుదల చేసిన సైబర్ రేంజ్ వేదికను, అంటే అసలు నెట్‌వర్క్‌కు హాని లేకుండా సైబర్ దాడులను సాధన చేసే నమూనా నెట్‌వర్క్‌ను, ఆధారం చేసుకుని, ఇంజనీరింగ్ కళాశాలలకు దాడి, రక్షణ అభ్యాసాలు తయారుచేసి ఇస్తున్నాము. సైనిక శిక్షణ సంస్థలకు కూడా ఇవ్వగలమన్న నమ్మకంతో ఒక టెండరు పత్రం తెరిచి చూస్తే, మూడేళ్ల టర్నోవరు, పూర్వానుభవం అడిగిన పేజీ దగ్గరే ఆగిపోయాము. మాలాంటివారికి వేరే మార్గముందా? పరాయి కోడ్ మీద కట్టినది స్వదేశీ ఉత్పత్తిగా చెల్లుతుందా?

జవాబు: మాజీ సిగ్నల్స్, చిత్తూరు

అయ్యా, ముందుగా ఆ కొనుగోలు ఏ పద్దు కిందిదో చూడండి. మూలధన పద్దు (కొత్త ఆస్తులు సమకూర్చుకునే ఖర్చు) అయితే 2020 నాటి రక్షణ సేకరణ విధానం వర్తిస్తుంది; రెవెన్యూ పద్దు (రోజువారీ నిర్వహణ ఖర్చు) అయితే 2025 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న కొత్త రక్షణ కొనుగోలు మాన్యువల్ వర్తిస్తుంది. మీ స్థాయికి ఐడెక్స్, అంటే స్టార్టప్‌ల చేత రక్షణ అవసరాలకు కొత్త ఉత్పత్తులు చేయించడానికి రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన పథకం, నయమని నా అభిప్రాయం. అందులో సాధారణంగా 1.5 కోట్ల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది, మీ వాటా మీరూ పెట్టుకోవాలి. ప్రయోగాల్లో నెగ్గిన నమూనాను మళ్లీ ధరల పోటీకి పెట్టకుండా కొనే వీలు రక్షణ సేకరణ విధానంలో ఉంది.

అసలు సంగతి మరొకటి. అభ్యాసపు కథనం (ఎవరు, ఎక్కడ, ఎలా దాడి చేస్తారన్న ఊహా సన్నివేశం) చదివితే సైన్యం తన బలహీనత ఎక్కడుందని అనుకుంటుందో తెలిసిపోతుంది, కాబట్టి దాన్ని బయటివారి చేత రాయించడానికి ఏ అధికారీ ఇష్టపడడు. మీరు తయారుచేసిన అభ్యాసాలు కాక, శిక్షకుడు తన అభ్యాసాన్ని తానే అల్లుకోగల పనిముట్టును అమ్మజూపండి. అది ఇంటర్నెట్ లేని గదిలో నడవాలి. లైసెన్సు సరిచూడడానికి బయటి సర్వర్‌ను పలకరించే సాఫ్ట్‌వేర్ అక్కడ మొదటి రోజే మూగబోతుంది.

జవాబు: టెండర్ల బల్ల

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక చేదు నిజం చెప్పాలి. టెండరులో సదుపాయాల పట్టిక ఇచ్చి, అన్నింటికీ ‘ఉంది’ అని రాసినవారిలో తక్కువ ధర చెప్పినవారికి పని అప్పగిస్తే, మన గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురిని తూకం వేసి కొన్నట్లే ఉంటుంది. మామిడికి అది సరిపోవచ్చును గాని, ఆరు నెలలకే పాతబడే దాడి పద్ధతులను నేర్పే వేదికకు సరిపోదు. అమెరికా సైన్యం తన సైబర్ శిక్షణ వేదిక కోసం మొదట చిన్న చిన్న పోటీలు పెట్టి, నమూనాలు నడిపించి చూసి, 2020లో తొలి రూపాన్ని ఆ దేశపు సైబర్ యుద్ధ విభాగమైన సైబర్ కమాండ్‌కు అందించింది. అన్నింటినీ కలిపి నడిపే పెద్ద కాంట్రాక్టు 2022లో గాని ఇవ్వలేదు. మన టెండర్లలోనూ సాంకేతిక పరీక్షను యంత్రం మీద చేయించమని, ఏటా నవీకరణకు విడిగా ధర అడగమని బిడ్‌కు ముందు జరిగే సమావేశంలో లిఖితపూర్వకంగా కోరండి. వినకపోవచ్చు, అయినా మీ మాట రికార్డులో ఉంటుంది.

జవాబు: ఏర్పేడు పరిశోధక విద్యార్థి

స్వదేశీ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ప్రభుత్వ కొనుగోళ్లలో స్వదేశీ సైబర్ భద్రతా ఉత్పత్తులకు ప్రాధాన్యమిచ్చే ఉత్తర్వు, మూడో పక్షం అనుమతి లేకుండా వాడుకునే, పంచే, మార్చే హక్కు మీకుందా అని చూస్తుంది. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోనిచ్చే ఎంఐటీ తరహా లైసెన్సు ఉన్న కోడ్‌తో అక్కడ చిక్కు రాదు. రక్షణ సేకరణ విధానంలోని అగ్ర వర్గం వేరు. అది రూపకల్పన కూడా ఇక్కడే జరగాలని, కనీసం 50 శాతం స్వదేశీ వాటా ఉండాలని కోరుతుంది. వేదిక మొత్తాన్ని మీదిగా చెప్పుకోకుండా, మీరు రాసిన భాగాలను పేరుపేరునా విడదీసి చూపడమే క్షేమం.

రేణిగుంట రోడ్డు

అందరికీ కృతజ్ఞతలు. శిక్షకుడు తానే అల్లుకునే పనిముట్టు గురించి మేము ఆలోచించనే లేదు. ఇప్పటి వరకు మా అభ్యాసాలే మా ఆస్తి అనుకున్నాము. టెండరు వేసేటప్పుడు అడిగే ధరావతు సొమ్ము ముందే కట్టాలా?

టెండర్ల బల్ల

గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే ధరావతు మినహాయింపు ఉంది, టర్నోవరు, పూర్వానుభవ నిబంధనలను కూడా నాణ్యతకు లోబడి సడలించవచ్చు. పని దక్కాక కట్టవలసిన పనితీరు పూచీకత్తుకు ఆ మినహాయింపు లేదు కనుక, బ్యాంకుతో ముందే మాట్లాడి పెట్టుకోండి.