పాత సీతాకోకచిలుకల పుస్తకాలు విప్పి, బొమ్మలు విడివిడిగా అమ్మడం తప్పా?

పాతకాగితం:
మొన్న ఆన్‌లైన్ వేలంలో ఒక బొమ్మ చూశాను. డచ్ వర్తకుడు పీటర్ క్రామర్ 1775లో మొదలుపెట్టిన సీతాకోకచిలుకల పుస్తకంలోది. రాగిరేకు మీద చెక్కి అచ్చేసి, ఆపైన చేత్తో రంగులద్దిన ప్లేట్. అలాంటివి అందులో 400. ఎడమ అంచున కుట్టు చిల్లులు ఇంకా ఉన్నాయి. అంటే ఎవరో పుస్తకం విప్పేశారు. దండ తెంపి పూసల లెక్కన అమ్మినట్టుంది. మీరేమంటారు?

గోడమీదబొమ్మ:
మరీ అంత బాధపడకండి సార్. ఆ పుస్తకం పుట్టడమే ముక్కలుగా పుట్టింది. 33 భాగాలుగా వచ్చింది, 1782 దాకా. మధ్యలో, 1776లో క్రామర్ పోతే కాస్పర్ స్టోల్ పూర్తిచేశాడు. ఇప్పుడు స్కాన్లు నెట్‌లో ఉచితం. ఇక సగం ప్లేట్లు పోయి, బైండు ఊడిన ప్రతిని ఎవరు కొంటారు? నా దగ్గర ఒకే ఒక్క ప్లేట్ ఉంది, ఏడాదిపాటు డబ్బు కూడబెట్టి కొన్నా. మొత్తం సెట్ కావాలంటే ఇల్లు అమ్ముకోవాలి. బొమ్మలు బీరువాల్లోంచి బయటికొస్తే తప్పేంటి?

పాతకాగితం:
భాగాలుగా వచ్చినా బొమ్మతో పాటు రాత కూడా వచ్చిందండీ. ఇప్పుడు ఆ రాత ఏ చెత్తబుట్టలోకి పోయిందో!

బదనిక:
స్కాన్ ఉందిగా అనే మాట దగ్గరే నాకు పేచీ. స్కాన్ చేసింది ఒక ప్రతిని. చేత్తో రంగులేసిన ప్రతులు ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. పైగా రంగులు మారతాయి. తెల్ల చుక్కలకు సీసపు తెలుపు వాడి ఉంటే, గాలిలోని గంధకం తగిలి అవి నల్లబడొచ్చు. రెక్క మీద ఆ నల్లచుక్క పురుగుదా, రంగుదా తేల్చాలంటే ఇంకో ప్రతి కావాలి. అన్నీ విప్పేసి డ్రాయింగ్ రూముల్లో తగిలిస్తే ఎక్కడ వెతకాలి?

ఇంకోటి, పేరు. మన మామిడిచెట్ల మీద పట్టే బదనిక ఉంది కదా (నా పేరు అక్కణ్ణుంచే), దాని ఆకులు తిని పెరిగే సీతాకోకచిలుక కామన్ జెజెబెల్. రెక్కల కింది వైపు పసుపు, అంచున ఎర్ర చుక్కలు. శాస్త్రనామం డెలియాస్ యూకారిస్, పక్కన ‘డ్రూరీ, 1773’ అని రాస్తారు, అంటే ఆ పేరు పెట్టినవాడు, పెట్టిన ఏడాది. డ్రూ డ్రూరీ లండన్‌లో వెండిపని చేసేవాడు. ఆయన తెచ్చిన కీటకాల పుస్తకానికి ప్లేట్లు మోజెస్ హ్యారిస్‌వి. తమాషా ఏంటంటే, 1770 నాటి మొదటి సంపుటిలో లాటిన్ పేర్లే లేవు. ఆ బొమ్మల పేర్లు 1773లో రెండో సంపుటితో వచ్చాయి. మొదటి సంపుటి ప్లేట్ ఒకటి విడిగా కొన్నవాడికి బొమ్మ ఒకచోట, పేరు ఇంకోచోట!

రాగిరేకు:
నాకు జరిగింది చెప్తా. ‘ఆనాటి రంగులే’ అని నమ్మి ఒక ప్లేట్ కొన్నా. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే, కాగితం పాతబడ్డాక వచ్చే గోధుమరంగు మచ్చల మీదుగా రంగు శుభ్రంగా సాగి ఉంది. మచ్చ ముందా, రంగు ముందా? నలుపు-తెలుపు అచ్చుకి ఎవరో మొన్నమొన్న రంగేసి ధర పెంచారు. విడి ప్లేట్లకు గిరాకీ ఉన్నంతకాలం ఇది ఆగదు. రాగితో చేసిన పాతకాలపు ఆకుపచ్చ రంగు వాడిన చోట తరచు కాగితం వెనక్కి గోధుమరంగు దిగుతుంది. నాదాంట్లో వెనకంతా కడిగిన పలకే.

గోడమీదబొమ్మ:
టెన్షన్ పెట్టేశారు! ఇప్పుడే ఫ్రేమ్ దింపి వెనక్కి తిప్పా. ఆకుపచ్చ రెక్క ఉన్న చోట వెనక సరిగ్గా రెక్క ఆకారంలో గోధుమరంగు నీడ ఉంది. బతికిపోయా. అయినా నా మాట మార్చుకోను, చిరిగిన పుస్తకాన్ని విప్పినవాణ్ణి నేను తప్పుపట్టను. మంచి ప్రతిని విప్పితే మాత్రం ఒప్పుకోను. ఈ ప్లేట్ తాలూకు రాత నెట్‌లో దొరికింది, డచ్చిలో, ఫ్రెంచిలో. ప్రింట్ తీసి బొమ్మ వెనకే అంటిస్తా.

బదనిక:
బాబ్బాబు, జిగురు మాత్రం వద్దు!