లంబసింగి మంచు కోసం అర్ధరాత్రి బయలుదేరడం సబబేనా?

క్లబ్బు కార్యదర్శి, విశాఖపట్నం:
డిసెంబరు రెండో వారాంతంలో మా మోటారుసైకిళ్ల క్లబ్బు లంబసింగి వెళ్తోంది. మొత్తం 22 బండ్లు. ఏటా చేసినట్టే శనివారం రాత్రి ఒంటిగంటకు ఇక్కడ బయలుదేరి, అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా ఘాట్‌రోడ్డు ఎక్కి, తెల్లవారేసరికి లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ చేరుకోవాలని సగం మంది అంటున్నారు. మిగతా సగం మంది శనివారం మధ్యాహ్నమే బయలుదేరి, వెలుగుండగానే కొండ ఎక్కి, రాత్రికి అక్కడే ఉందామంటున్నారు. పోయిన సమావేశంలో ఈ విషయం మీదే గొంతులు లేచాయి. ఓటింగు పెట్టేముందు మీ అభిప్రాయాలు రాయండి. కొండమీద ఉండేవాళ్లు రాస్తే ఇంకా మంచిది.

బుల్లెట్ బాబాయ్, గాజువాక:
నా ఓటు రాత్రికే. మాలో చాలామందికి శనివారం సాయంత్రం వరకు డ్యూటీ ఉంటుంది. నాకు దుకాణం ఉంది, తొమ్మిదింటికి గానీ షట్టరు దించలేను. మధ్యాహ్నం బయలుదేరాలంటే నాలాంటివాళ్లు ఇంట్లో కూర్చోవాల్సిందే. రెండో సంగతి, డిసెంబరు ఆదివారాల్లో ఆరు దాటితే లంబసింగి రోడ్డంతా కార్లే. ముందుగా చేరినవాడికే చెరువులవేనం మీద నిలబడే చోటు, కింద లోయలో పాలసముద్రంలా పరుచుకున్న మంచును చూసే భాగ్యం. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ ఉండదు, ఇంజిను వేడెక్కదు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, రాత్రి ప్రయాణంలో ఉన్న హాయి పగలు దొరకదు.

చింతపల్లి మాస్టారు:
కొండమీదివాళ్లు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ బండ్లు మా ఊళ్ల మీదుగా వెళ్లేసరికి తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర అవుతుంది. లోయలో చప్పుడు ఎంత దూరం పోతుందో పట్నంలో ఉన్నవారికి తెలియదు. మొదటి బండి కింద మలుపు తిరిగినప్పుడే మాకు మెలకువ వస్తుంది, చివరి బండి దాటేదాకా పసిపిల్లలు ఏడుస్తూనే ఉంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదు, హారన్ కొట్టకూడదు. కంపెనీ సైలెన్సర్ తీసేసి గొట్టం బిగించిన బండి ఒక్కటి చాలు, ఆ నియమం గాలిలో కలిసిపోవడానికి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మంచు చూసి, బొంగు చికెన్ తిని, పది గంటలకల్లా దిగిపోతారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం దాడి చేసిన పోలీస్ స్టేషన్ మా చింతపల్లిలోనిదే. లంబసింగి నుంచి ఇంకొంచెం ముందుకు వస్తే చాలు. వచ్చేవాళ్లు ఎంతమంది?

చివరి బండి:
నేను ఇదే క్లబ్బులో మూడేళ్లుగా వరుసకు చివరన బండి నడుపుతున్నాను. ఎవరికి పంక్చరైనా, ఎవరు వెనకబడినా నేను ఆగాలి. అందుకే ముందున్నవాళ్లు చూడనివి నా కంట పడతాయి. పోయిన జనవరిలో జరిగినది సమావేశంలో చెప్పబోతే మాట మార్చారు. ఇక్కడ రాస్తాను.

డౌనూరు దాటి సగం ఘాట్ ఎక్కాక మంచు కమ్మేసింది. హైబీమ్ వేస్తే వెలుగంతా తిరిగి కళ్లలోనే పడుతుంది, లోబీమ్‌లో పదిహేను మీటర్లకు మించి రోడ్డు కనిపించదు. మా వరుస నలభై వేగంతో వెళ్తోంది. నలభై అంటే సెకనుకు పదకొండు మీటర్లు. ఏదైనా కనిపించి, మెదడుకు అంది, చెయ్యి బ్రేకు మీద పడేలోపే ఆ పదిహేనులో ముప్పావు వంతు అయిపోతుంది. రాత్రంతా నిద్ర లేనివాడికి ఇంకా ఎక్కువే అవుతుంది.

సంతకు వెళ్లే ముగ్గురు ఆడవాళ్లు తలమీద బుట్టలతో రోడ్డు అంచున నడుస్తున్నారు. మా ఐదో బండివాడు వాళ్లను చూసి బ్రేకు తొక్కాడు. మంచుకు తడిసిన తారు మీద వెనక చక్రం జారింది. బండి పక్కకు పడి, ఆ ఊపులో ఒకావిడ బుట్టను తగిలింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. బుట్టలోని రాజ్‌మా గింజలు మాత్రం రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. నేను చేరుకునేసరికి ఆవిడ గొంతుకూర్చుని నా హెడ్‌లైటు వెలుగులో ఒక్కొక్క గింజే ఏరుతోంది. చలికి వేళ్లు వంగడం లేదు. ఏరిన గింజను చీర కొంగుతో తుడిచి బుట్టలో వేస్తోంది. పగిలినవి వేరేగా పెడుతోంది.

మావాళ్లు ఐదు వందలు చేతిలో పెట్టి, సూర్యోదయం దాటిపోతుంది పదండి అన్నారు. వెళ్లిపోయారు కూడా. నేను, పడినవాడు, ఇంకొకరు ఆగి ఏరాం. అరగంట పట్టింది. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వెళ్లేముందు పడిన కుర్రాడి మోచెయ్యి చూసి, పసుపు పెట్టుకోమంది.

ఆ రోజు నేను మంచు చూడలేదు. చూడాలనిపించలేదు. అందుకే నా ఓటు పగటికి.

బుల్లెట్ బాబాయ్, గాజువాక:
తమ్ముడూ, ఆ రోజు డబ్బిచ్చి వెళ్లిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ప్రమాదానికి కారణం రాత్రి కాదు, వేగం, మందగా వెళ్లడం. నలుగురైదుగురు చొప్పున విడిపోయి, పావుగంట ఎడంతో బయలుదేరి, మంచులో ఇరవై దాటకపోతే అది జరిగేది కాదు. గొట్టాల బండ్లను రానివ్వొద్దు, దానికి నేనూ ఒప్పుకుంటాను. మరి పగలు మాత్రం ప్రమాదం లేదా? మధ్యాహ్నం వెళ్తే రోడ్డుమీద సగం మేర చోళ్లు (రాగులు) ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాయి మీద ముందు చక్రం ఎక్కితే ఏమవుతుందో బండి నడిపేవాడికి తెలుసు. మాస్టారూ, రోడ్డు కల్లం కాదు కదా?

చింతపల్లి మాస్టారు:
రోడ్డు కల్లం కాదు, నిజమే. అయితే వాలు భూముల్లో సాపుగా ఉండి, ఎండ తగిలి, మట్టి అంటని చోటు తారురోడ్డు ఒక్కటే. సిమెంటు కల్లాలు అన్ని ఊళ్లకూ లేవు. రాళ్లు పేర్చడం ప్రమాదమేనని మా పిల్లలకు నేనూ చెబుతుంటాను, ఇళ్లలో చెప్పమంటాను. అయినా బాబాయ్ గారూ, పగలైతే ఆ రాయి మీకు యాభై మీటర్ల నుంచే కనిపిస్తుంది. రాత్రి మంచులో మా మనిషి మీకు కనిపించదు. రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి.

ఘాట్ సిరి:
క్లబ్బులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో నేనొకదాన్ని. పగలే వెళ్లాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే రాత్రి అక్కడ ఉండటం గురించి మగవాళ్లు చాలా తేలిగ్గా మాట్లాడుతున్నారు. రెండేళ్ల క్రితం తాజంగి వైపు గుడారాల్లో ఉన్నాం. మరుగుదొడ్డి లేదు. మేమిద్దరం సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసి, తెల్లవారుజామున ఫోను వెలుగులో తుప్పల్లోకి వెళ్లాం. పక్క గుడారాల్లో తాగి పాటలు పాడుతున్నారు. ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు, మర్నాడు ఘాట్ దిగుతుంటే రెండుసార్లు కళ్లు మూతలు పడ్డాయి. గదులు ముందే మాట్లాడాలి, మరుగుదొడ్డి ఉందో లేదో మనిషి వెళ్లి చూసి రావాలి, మన గుంపులో మందు ఉండకూడదు. ఇవి కుదరకపోతే పగటి ప్రయాణమని పేరు పెట్టినా నేను రాను.

చివరి బండి:
సిరి గారు చెప్పింది అక్షరాలా సరి. ఆ పని మీద వచ్చే ఆదివారం నేను వెళ్లొస్తాను. బాబాయ్, మీ దుకాణం సంగతికి కూడా ఒక దారి ఉంది. శనివారం రాత్రి నర్సీపట్నం దాకా వచ్చి అక్కడ లాడ్జిలో పడుకోండి. ఆరు దాటి వెలుగొచ్చాక ఘాట్ ఎక్కండి. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లే, ఏడున్నరకు పైన ఉంటారు. గట్టి చలి ఉన్న రోజుల్లో మంచు అప్పటికీ విడిపోదు. సూర్యుడు లేచే క్షణం మాత్రం దక్కదు. దానికోసం చీకట్లో ఆ ఘాట్ ఎక్కుతానంటే, మీ వెనక చివరి బండిగా నేను రాను.

బుల్లెట్ బాబాయ్, గాజువాక:
నర్సీపట్నం లాడ్జి మాట బాగుంది. నాలా దుకాణాలున్నవాళ్లు ఇంకా నలుగురున్నారు, అడిగి చెబుతాను. నా ఓటు ఇంకా మార్చలేదు, రేపటిదాకా ఆగండి.

క్లబ్బు కార్యదర్శి, విశాఖపట్నం:
ఓటింగు గురువారం రాత్రి. ఏ పక్షం గెలిచినా గొట్టాల బండ్లకు చోటు లేదు, ఐదు బండ్లకు మించి ఒక జట్టుగా వెళ్లకూడదు. ఈ రెండింటి మీద ఓటు ఉండదు. మాస్టారూ, మేము అక్కడ ఉండే రెండు రోజుల్లో మీ వైపు ఏ ఊళ్లో సంత ఉందో, జనం ఏ వేళకు నడిచి వెళ్తారో రాయగలరా? దాన్నిబట్టి బయలుదేరే వేళ పెట్టుకుంటాం.

చింతపల్లి మాస్టారు:
కనుక్కుని రేపు రాస్తాను. ఆ రాజ్‌మా బుట్ట ఆవిడది ఏ ఊరో చివరి బండి తమ్ముడికి గుర్తుంటే చెప్పమనండి.