నాలుగూ వేదాల... ఏమెరిగిన పిలక?

ముంజెలబండి:
మహీధర రామమోహనరావు గారి "కొల్లాయి గట్టితేనేమి" నిన్న రాత్రి మళ్లీ తీశాను, ఎన్నోసారో లెక్క లేదు. నవల సంగతి పక్కన పెట్టండి, అట్ట మీద పేరు చూడగానే గాంధీ మీది ఆ పాట ఎత్తుకుంది బుర్రలో, తెల్లారేదాకా వదల్లేదు. మా నాయనమ్మ బియ్యం చెరుగుతూ పాడేది, చేట చప్పుడే తాళం, రాయి కనిపిస్తే పాట ఆగేది, రాయి తీసి పారేశాక మళ్లీ అక్కడి నుంచే. ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. "నాల్గు పరకల పిలక, నాట్యమాడే పిలక, నాలుగూ వేదాల ........ ఎరిగిన పిలక". ఆ ఖాళీలో ఏముంది? నాయనమ్మ గొంతు గుర్తు చేసుకుంటే "నాణెమెరిగిన" అని వినపడుతోంది. వేదాలకీ నాణేలకీ ఏం చుట్టరికం అని నా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

పాత భారతి:
"నాణ్యమెరిగిన". ఇందులో చర్చ లేదు. బసవరాజు అప్పారావు గీతాలు ఇంట్లో ఉన్నవాళ్లెవరైనా ఇదే చెప్తారు. అసలు గొడవ రెండో పాదంలో ఉంది. మీ నాయనమ్మగారు "మా గాంధి" తర్వాత ఏమనేవారు?

ముంజెలబండి:
"మాలడై తిరిగితేనేమి" అనేది.

పాత భారతి:
అనుకున్నాను. అది సినిమా పాఠం అండీ. 1938 మాలపిల్లలో అలా మార్చి వాడుకున్నారు. అప్పారావు గారు రాసింది "కోమటై పుట్టితేనేమి". ఆయన పోయింది 1933లో, సినిమా వచ్చింది ఐదేళ్ల తర్వాత, అడ్డం చెప్పడానికి మనిషి లేడు. గూడవల్లి రామబ్రహ్మం గారి సినిమా, చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, విషయమేమో అంటరానితనం. అక్కడ కోమటై అంటే కథకి అతకదు కదా.

కృష్ణలంక కుర్రాడు:
అతకదని మార్చారు అనడానికి రుజువేంటి సార్? పాటలు ఊళ్లో తిరుగుతూ తిరుగుతూ మారిపోతాయి. సినిమా కంటే ముందే జనం నోట మాలడై అయిందేమో, సినిమావాళ్లు జనం దగ్గర ఎత్తుకున్నారేమో. 1933 చివర్లో గాంధీ హరిజన యాత్ర మొదలెట్టి డిసెంబర్లో మన జిల్లాలన్నీ తిరిగాడు, అప్పుడు ఈ పాట పాడకుండా ఉంటారా, పాడితే కోమటై అని పాడతారా?

పాత భారతి:
ఏమో, గిమో మీద పాఠ నిర్ణయం జరగదు బాబూ. ప్రాస చూడు. గట్టితే, పుట్టితే. ట్ట కింద ట్ట పడింది. "తిరిగితే" దగ్గర ఆ దెబ్బ ఏదీ?

కృష్ణలంక కుర్రాడు:
ప్రాస ఒప్పుకుంటా. కానీ "మా గాంధి మాలడై", మా మీద మా పడింది చూశారా. మీకు కొల్లాయి కోమటై, మాకు మా గాంధి మాలడై. మాత్రలు కూడా లెక్కపెట్టా, కోమటై ఐదు, మాలడై ఐదు. పుట్టితే ఐదు, తిరిగితే ఐదు. ఖండగతి ఎక్కడా చెడలేదు. మార్చినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు.

వ్యాకరణం వెంకటం:
ఎవరూ అసలు చోటు చూడట్లేదు. "గట్టితే" అని ఎందుకుంది, "కట్టితే" అని ఎందుకు లేదు? గసడదవాదేశం, అంటే క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడం. ప్రథమ మీది పరుషములకు గ స డ ద వ లు బహుళంబుగానగు, చిన్నయ సూరి. కొల్లాయి కట్టి, కొల్లాయి గట్టి. మరి కింద పాదంలో "వుట్టితేనేమి" అని ఎందుకు రాలేదు? కోమటై అన్నచోట "ఐ" అంటే అయి, క్త్వార్థం, అంటే చేసి, వచ్చి లాంటి అసమాపక క్రియ, దాని మీద ఆ ఆదేశం రాదు. అంటే పాటలాగా తేలిగ్గా కనిపిస్తున్నా రాసినవాడికి వ్యాకరణం క్షుణ్ణంగా తెలుసు.

డాలస్ అత్తయ్య:
వెంకటం గారూ, మా అమ్మ "కోమటై వుట్టితేనేమి" అనే పాడేది, స్పష్టంగా వు. ఆవిడకి క్త్వార్థం తెలీదు పాపం. నోటికి అలా వచ్చేది.

వ్యాకరణం వెంకటం:
బహుళం అన్నారు కదమ్మా, సర్దుకుపోవచ్చు.

డాలస్ అత్తయ్య:
క్త్వార్థం మీద రాదన్నారు, ఇప్పుడు సర్దుకుపోవచ్చంటున్నారు. సరే :)

పాలమూరు పోరడు:
మీరంత ఎక్కడనో ఉన్నరు గని నాదొక చిన్న డౌట్. కొల్లాయి అంటె కరెక్టుగ ఏంది? మా దిక్కు ఆ మాట నేను ఇనలే. చిన్నప్పుడు స్కూల్ల ఈ పాట నేర్పిస్తె కొల్లాయి అంటె ఏదో టోపీ అనుకున్న, "గట్టి" అంటె గట్టు మీద కూసున్నడేమో అనుకున్న. నవ్వకుండ్రి. పంద్రాగస్టుకు స్టేజీ మీద పాడి ప్రైజ్ గుడ తెచ్చుకున్న, అర్థం తెల్వకనే.

మగ్గంగుంట:
అన్నా నవ్వలేదు గానీ ప్రైజ్ దగ్గర ఆగలేకపోయా. మా తాత నేతపని. కొల్లాయి అంటే గోచీ కాదు, చాలామంది గోచీ అనుకుంటారు. గోచీ పెట్టుకుంటారు, కొల్లాయి చుట్టుకుంటారు. మోకాలు దాటని గుడ్డ, పొలానికి పోయేవాడు కట్టేది, పంచెకి పెట్టినంత నూలు దానికి అక్కర్లేదు. గాంధీ ఫొటో చూడండి, అది గోచీ ఏం కాదుగా. "కొల్లాయి గుడ్డ" అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, తువ్వాలు లాంటిది నడుముకి చుడితే.

కృష్ణలంక కుర్రాడు:
నా థియరీ ఒకటుంది, కొట్టకండి. కొల్ల అంటే దోపిడీ కదా, తెల్లవాడు కొల్లగొట్టగా ఒంటి మీద మిగిలిన గుడ్డ, కొల్లాయి.

వ్యాకరణం వెంకటం:
కొట్టేవాణ్ణే, దూరంగా ఉన్నావు. గాంధీ పుట్టకముందు కూడా రైతులు కొల్లాయి కట్టారు నాయనా.

పాత భారతి:
ఇక్కడ తేదీల చిక్కు ఒకటి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. గాంధీ ఆ వేషానికి మారింది 1921 సెప్టెంబర్ 22న, తమిళనాడు మధురైలో. బెజవాడ కాంగ్రెస్ సభ అదే ఏడు మార్చి 31, ఏప్రిల్ 1. పింగళి వెంకయ్య గారు జెండా చూపించిన సభ అదే. అంటే బెజవాడ జనం ఆ సభలో చూసింది కొల్లాయి గాంధీని కాదు. అప్పారావు గారిదేమో పటమట, బెజవాడలోనే ప్లీడరీ. పాట ఎంత ముందుకి జరిపినా ఆ సెప్టెంబర్ దాటి ముందుకి పోదు. ఇక నవలకి రండి. కథానాయకుడు రామనాథం చదువు వదిలేసి ముంగండ అగ్రహారానికి వచ్చేసే రోజులకి గాంధీ ఇంకా కొల్లాయి కట్టనేలేదు! పేరు కథ కంటే వెనక పుట్టింది.

ముంజెలబండి:
పేరు 1960ల్లో పెట్టుకున్నది కదండీ, నవల వచ్చింది అప్పుడు. మహీధర గారు కుర్రతనంలో కోనసీమలో విన్న పాట నలభై ఏళ్లు చెవిలో ఉండిపోయి పేరై కూర్చుంది అనుకుంటా నేనైతే. ఆయన పుట్టింది 1909, ఆ ఊరే. సహాయ నిరాకరణ నాటికి పదకొండు పన్నెండేళ్ల పిల్లాడు, పాట చెవిన పడి అంటుకునే వయసు.

డాలస్ అత్తయ్య:
నేను వేరే చోట ఆగుతాను ఎప్పుడూ. "మా గాంధి" అన్నాడు, "మన గాంధి" అనలేదు. వినేవాడు కూడా మనవాడే అయితే మన అంటాం. మా అన్నామంటే ఎదుటివాడు అవతలి పక్షం. పెళ్లిలో వియ్యపురాలు "మీ పిల్ల నలుపే" అంటే మా పిల్ల నల్లగా ఉంటేనేం, చేతిలో పని చూడు అంటామే, అచ్చం ఆ దెబ్బ. "ఏమి" కూడా ప్రశ్న కాదు, దెప్పిపొడుపుకి జవాబు. ముందు ఎవడో వెక్కిరించాడు, ఆ వెక్కిరింత పాటలో లేదు, జవాబు ఒక్కటే ఉంది. వెన్నపూస మనసు, కన్నతల్లి ప్రేమ, పండంటి మోము అంటూ వరసపెట్టి చెప్పడం కూడా పెళ్లిపందిట్లో పెద్దావిడ గుక్క తిప్పుకోకుండా చెప్పినట్టే లేదూ.

కృష్ణలంక కుర్రాడు:
అత్తయ్యా సూపర్. వెక్కిరించింది చర్చిల్! 1931లో అర్ధనగ్న ఫకీరు అన్నాడుగా.

డాలస్ అత్తయ్య:
చర్చిల్ దాకా ఎందుకురా, అగ్రహారంలో అరుగు మీద కూర్చున్నవాళ్లు చాలరూ? "కోమటి పుట్టుక పుట్టి వేదాంతం చెప్తాడట" అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ నవల నిండా ఉన్నది ఆ అరుగులే కదా, అందుకే ఆ పేరు అంత బాగా కుదిరింది.

పాత భారతి:
పరిశీలన బాగుంది. అయితే ఇది అప్పారావు గారికి అలవాటైన విద్యే, ఎవరి గొంతులో ఉందో చెప్పకుండా పాట మొదలెట్టడం. "గుత్తి వంకాయ కూరోయి బావా, కోరి వండినానోయి బావా, కూరలోపలా నా వలపంతా కూరి పెట్టినానోయి బావా". కూర, కోరి, కూరి. మూడు మాటల్లో మొత్తం సంసారం. బందా కనకలింగేశ్వరరావు గారు పాడిన రికార్డు వినాలి, "కూరి" దగ్గర ఆయన కాస్త నొక్కుతారు, అక్కడ నిజంగా వంకాయలో కారం కూరుతున్నట్టే ఉంటుంది.

మగ్గంగుంట:
ఆ కూరలో కారమేనా లేక మసాలా కూడానా?

పాలమూరు పోరడు:
మా దిక్కు పల్లి, నువ్వులు, కొబ్బరి. వేరేది ఏస్తే దాన్ని గుత్తొంకాయ అనం.

డాలస్ అత్తయ్య:
దయచేసి వంకాయ దగ్గర ఆగొద్దు, పోయిన నెల పెసరట్టు మీద ఎనభై రిప్లైలు పడ్డాయి.

పాత భారతి:
ఆగను. "మామిడి చెట్టును అల్లుకొన్నదీ మాధవీలతొకటి" సంగతి చెప్పి ఊరుకుంటాను. భావకవులు తక్కినవాళ్లు ప్రేయసిని ఆకాశంలో పెట్టి కింద నిలబడ్డారు, ఈయన వంటింట్లో, పెరట్లో పెట్టాడు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు కూడా కవయిత్రి, సౌదామిని పేరుతో రాశారు, ఆవిడ పద్యాలు చదివినవాళ్లు ఇక్కడ ఎంతమంది? పిల్లలు పోయిన దుఃఖం ఇద్దరి రాతల్లోనూ ఉంది. గాంధీ పాట ఒక్కటే పట్టుకుని ఆయన్ని దేశభక్తి కవి అనేస్తారు, ఆ పాటలో కూడా చూసింది మనిషి ముఖాన్నే గానీ దేశాన్ని కాదు. గరిమెళ్ల "మా కొద్దీ తెల్లదొరతనము" పక్కన పెట్టి పాడి చూడండి, అది ఊరేగింపులో పాడేది, ఇది అరుగు మీద కూర్చుని పాడేది.

వ్యాకరణం వెంకటం:
"మా కొద్దీ" లో కూడా "మా" ఉంది, గమనించగలరు.

డాలస్ అత్తయ్య:
అది మాకు + వద్దు + ఈ. ఆ "మా" వేరు వెంకటం గారూ!

వ్యాకరణం వెంకటం:
మాకు లో ఉన్నది మా కాక మరేమిటి? ఆ పాట వినేవాడు తెల్లవాడు, అవతలి పక్షం. మీ సిద్ధాంతానికి నేను బలం చేకూరుస్తుంటే కాదంటారేం.

డాలస్ అత్తయ్య:
ఓహ్. అయితే ఉంచండి.

ముంజెలబండి:
నా పిలక సంగతి అందరూ మర్చిపోయారు, పర్లేదు. పొద్దున్న బస్సులో కూర్చుని పాట మొత్తం మళ్లీ మనసులో పాడుకుంటుంటే ఒకటి తట్టింది, తప్పైతే చెప్పండి. నాణ్యం అనండి నాణెం అనండి, ఒకే మాట రెండు వేషాలు. నాణెం మంచిదా చెడ్డదా అని చూసేది ఎవరు? అంగట్లో కూర్చున్న షావుకారు. రాయి మీద మోగించి చూసి గల్లాలో వేస్తాడు. "నాలుగూ వేదాల నాణ్యమెరిగిన పిలక" అంటే వేదాలు చదువుకున్న పిలక అని కాదు, వేదాల్ని కూడా మోగించి చూసి సరుకు తేల్చిన పిలక అని. ఇప్పుడు కింద పాదాలు చూడండి, "బోసినోర్విప్పితే ముత్యాల తొలకరే, చిరునవ్వు నవ్వితే వరహాల వర్షమే". నాణ్యం, ముత్యాలు, వరహాలు, మూడూ ఒకే కొట్లో సరుకు! పైన "కోమటై" అన్నాడు కాబట్టే కింద ఇవన్నీ వచ్చాయి. కోమటిగా పుడితేనేం అని దెప్పిపొడుపుని తోసేసి, ఆ కోమటితనంతోనే మెచ్చుకున్నాడు. మాలడై అని పాడితే మా నాయనమ్మ పాట పాటగానే ఉంటుంది గానీ ఈ వరస తెగిపోతుంది.

పాత భారతి:
...ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

కృష్ణలంక కుర్రాడు:
పాత భారతి గారు ఒప్పుకున్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి ఎవరైనా.

కృష్ణలంక కుర్రాడు:
కానీ మరి వెన్నపూస? అది ఏ కొట్లో అమ్ముతారండీ, గొల్లవాళ్ల దగ్గర కదా దొరికేది. పైగా ముత్యాల్లాంటి మాటలు, వరహాల నవ్వు అనేవి ఎవరి మీద పాటైనా వస్తాయి, మా ఇంటి పక్క పాపాయి జోలపాటలో కూడా ఉన్నాయి. వరహాలు కనపడ్డ ప్రతిచోటా షావుకారు కూర్చుని ఉండడు.

ముంజెలబండి:
మూడూ వరసగా పడ్డాయి కదా అని.

వ్యాకరణం వెంకటం:
మరి "పండంటి మోముపై బ్రహ్మ తేజస్సు", "పలుకు పలికితేను బ్రహ్మవాక్కేను" సంగతి? అవి ఏ అంగడివి? కోమటై పుట్టినవాడికి బ్రహ్మతేజస్సు అంటగట్టడంలోనే అసలు చురక ఉంది. పుట్టుక ఒకటి, తేజస్సు ఒకటి. కాబట్టి కోమటై అన్న పాఠానికి నా ఓటు కూడా, కారణం వేరు.

పాలమూరు పోరడు:
పిలక మీద ఒక డౌటు. గాంధీకి నిజంగ పిలక ఉండెనా? ఫొటోలల్ల కనపడదు.

మగ్గంగుంట:
ఉండేది అన్నా, వెనక నుంచి చూస్తే తెలుస్తుంది. నాల్గు పరకలు అన్నాడు కదా, అంటే నాలుగు వెంట్రుకలే, ముందు నుంచి ఎక్కడ కనపడతాయి.

డాలస్ అత్తయ్య:
"పరక" అంటే గడ్డిపరకే కదా, వెంట్రుకకి పరక అనడం ఇంకెక్కడైనా విన్నారా ఎవరైనా? మా అమ్మ "నాల్గు పలకల పిలక" అనేది, నాలుగు మూలలుగా గొరిగించుకున్నదేమో అనుకునేదాన్ని.

వ్యాకరణం వెంకటం:
పలకల! ఇప్పుడు కూర్చోండి అందరూ.