నాయనమ్మ మాటలు పిల్లలకి దూరం కాకుండా ఏం చేయాలి?

ఒంగోలు కోడలు:

అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా వారికి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. జూన్‌లో బడులు తెరిచేలోపు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవాలి. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి అయిదు. ఇద్దరూ పుట్టినప్పటి నుంచి మా అత్తయ్య చేతుల్లోనే పెరిగారు. పొద్దున బ్యాంకుకి వెళ్తే నేను ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అత్తయ్యని మాతో రమ్మంటే రానంటోంది. వీధి చివరే గుడి (చర్చిని ఇక్కడ అలాగే అంటాం), మామయ్య సమాధి, స్త్రీల సమాజం, ఆమెకి అన్నీ ఇక్కడే ఉన్నాయి. బలవంతం చేయడం మాకూ ఇష్టం లేదు.

పిల్లల్ని చూసుకోవడానికి అక్కడ ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాం. నా టెన్షన్ అంతా వాళ్ళు ఇక ఆమె మాటలు వినకుండా పెరుగుతారే అని.

ఆమె పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు పాఠాలు చెప్పే మనిషి కాదు. చదువు అయిదో క్లాసుతో ఆగిపోయింది. పని చేసుకుంటూ మాట్లాడుతుంది, అంతే. అన్నానికి బియ్యం గిన్నెలో పోశాక, కడిగే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పాత హార్లిక్స్ సీసాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడ్డ సంచిలో పోసి గుడికి తీసుకెళ్తుంది. పాప నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ గిన్నె పక్కనే నిలబడుతుంది. "నీ గుప్పెడు కూడా వెయ్యి తల్లీ, ప్రభువు చెయ్యి ఎంతుందో చూడడు" అంటుంది అత్తయ్య. పాప గుప్పిట్లో పట్టేవి పట్టగా సగం గట్టు మీద పడతాయి. ఆ పడ్డవాటిని కూడా ఏరి సీసాలోనే వేస్తుంది, గిన్నెలో వేయదు. ఒకసారి నెలాఖరులో డబ్బా అడుగంటింది, అన్నానికే చాలవనిపించింది. పాప నాయనమ్మ మొహంలోకి చూసింది. ఆమె ఎప్పటిలాగే మూత తీసి, "ముందు ఇది. మనం ఈ పూట కాస్త జావ తాగుదాం" అంది. ఇవ్వడం గురించి నేను పిల్లలకి ఇంతకంటే బాగా చెప్పలేను.

అన్నాచెల్లెళ్ళు కొట్టుకుని మూతి ముడుచుకుంటే ఆమె అరవదు. వాకిట్లోకి చూసి "పొద్దు గూకుతోంది అయ్యా, ఇక పలకరించుకోండి" అంటుంది. మా వారూ నేనూ మాట్లాడుకోని రోజున కూడా పిల్లల వైపు తిరిగి అదే మాట అంటుంది. అది ఎవరికో మాకు తెలుసు. మొన్న సండే స్కూల్లో బాబుకి కంఠత వాక్యం ఇచ్చారు, ఎఫెసీ 4:26. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." వాడు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చి "నాయనమ్మా, నీ మాట బైబిల్లో ఉంది!" అని అరిచాడు. వాడికి అది ముందు నాయనమ్మ మాట. ఆ తర్వాతే అది రాసిన పౌలు మాట. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వాడి వేలు పట్టుకుని ఆ లైను మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. కొత్తపట్నం సముద్రానికి వెళ్ళేటప్పుడు బకింగ్‌హామ్ కాలవ వస్తుంది. వంతెన ఎక్కగానే "ఈ మట్టి మనవాళ్ళు మోశారు" అని మొదలుపెడుతుంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలవలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదట. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అత్తయ్య ముత్తాత ఆ రోజుల్లో తట్ట మోసిన పిల్లాడు. "ఆకలిగొన్నోడికి ముందు పని చూపియ్యాలి, గంజి పొయ్యాలి. ప్రార్థన మనం చేసుకుందాం" అంటుంది. ఆ కథ విన్న పిల్లలు కాబట్టే గేటు దగ్గరికి ఎవరైనా వస్తే నన్ను అడక్కుండానే వంటింట్లోకి పరిగెడతారు.

నా ఇబ్బంది ఏంటంటే, నేను పెరిగింది హైదరాబాదులో. మాదీ క్రైస్తవ కుటుంబమే, కానీ భక్తి అంటే ఆదివారం చర్చి, క్రిస్మస్‌కి కొత్త బట్టలు. ఇలాంటి మాటలు నా నోటికి సహజంగా రావు. నేను "పొద్దు గూకుతోంది" అంటే పిల్లలు టీవీ వైపు తిరుగుతారు. ఆమె గొంతు ఫోన్లో రికార్డు చేసుకుందామనీ, రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్‌లో కుటుంబ ప్రార్థన పెట్టుకుందామనీ అనుకుంటున్నాం. మీలో ఎవరైనా ఇలా దూరంగా ఉంటున్నారా? మీ ఇళ్ళలో ఏం నిలబడింది, ఏం నిలబడలేదు?

గుంటూరు అమ్మమ్మ:

అమ్మా, వందనాలు. మా మనవరాళ్ళు డాలస్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో ప్రార్థన మేమూ పెట్టుకున్నాం. పిల్లల్ని ఫోను ముందు నిలబెట్టి "అమ్మమ్మకి వాక్యం అప్పజెప్పు" అనేసరికి అది పరీక్ష అయిపోయింది. చిన్నది నా మొహం చూస్తేనే బాత్రూంలోకి పారిపోయేది. ఆపేయమని నేనే చెప్పాను.

ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళ సాయంత్రం వంట చేసుకుంటూ ఫోను గట్టు మీద ఆనించి పెడుతుంది. ఇక్కడ నాకు తెల్లారి కాఫీ వేళ. నా పనిలో నేనుంటాను, పిల్లలు వస్తుంటారు, పోతుంటారు. మధ్యలో ఏదో ఒకటి దొర్లుతుంది. పెద్దది ఈత క్లాసులో నీళ్ళలోకి దూకడానికి హడలిపోతుంటే, కీర్తన 56:3 చెప్పాను. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." చిన్న వాక్యమే కదా, గట్టు మీద నిలబడి అది అనుకుని దూకిందట.

ఇంకో సంగతి. మీ అత్తగారిని పిల్లలకి ప్రార్థన పని అప్పగించమనండి. నా మోకాలి నొప్పి కోసం, మా పాలబ్బాయి కొడుకు టెన్త్ పరీక్షల కోసం ప్రార్థించమని మావాళ్ళకి చెప్పాను. మర్నాడు వాళ్ళే ఫోను లాక్కుని "పాలబ్బాయి కొడుకు ఎలా రాశాడు?" అని అడిగారు. మనం వాళ్ళకి చెప్పడం సరే, వాళ్ళు మనల్ని అడిగేలా చూడాలి.

మెదక్ మనవడు:

అక్కా, మీ కాలవ కథ చదివి మా అవ్వ యాదికొచ్చింది. మెదక్ పెద్ద చర్చి కూడా మిషనరీ పాస్నెట్ దొర కరువు కాలంలో జనానికి పని చూపిస్తూ కట్టించిందే. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. అవ్వ వాళ్ళ నాయన పడుచు వయసులో అక్కడ రాళ్ళు మోశాడట. చర్చి మెట్లెక్కుతూ ప్రతిసారీ చెప్పేది.

నన్ను పదో తరగతి దాకా అవ్వే పెంచింది. మా ఇంట్లో ఒక పెద్దాయనకి పిల్లల్ని దేవుడి పేరుతో భయపెట్టే అలవాటు ఉండేది. అబద్ధం చెబితే కళ్ళు పోతాయనేవాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, కళ్ళు మూసుకుని తెరిస్తే కనబడదేమోనని భయం. అవ్వకి తెలిసి ఆయన మొహం మీదే అనేసింది: "పోరనికి దేవుణ్ణి చూపిచ్చి బెదిరియ్యకు. రేపు కష్టమొస్తే వాడు ఎవరి కాడికి పోవాలె?" మీ అత్తమ్మ మాటల్లో ఎక్కడా బెదిరింపు లేదు. అందుకే అవి పిల్లలకి ఎక్కాయి అనుకుంటున్నా.

ఒక నిజం కూడా చెప్పాలి. ఇంటర్‌కి హైదరాబాదు హాస్టల్‌లో చేరాక నేను చాలా ఏళ్ళు చర్చి ముఖం చూడలేదు. అవ్వ ఏమీ అనలేదు. కానీ అన్నం ముందు కూర్చుంటే "పండిచ్చినోళ్ళను, వండినోళ్ళను దీవించు ప్రభువా" అన్న ఆమె ప్రార్థన మాత్రం నోటికి దానంతటదే వచ్చేది, మెస్‌లో కూడా. ఇప్పుడు మా పాపతో చెప్పిస్తున్నా. కాబట్టి మధ్యలో పిల్లలు మరిచిపోయినట్టు కనిపించినా కంగారు పడకండి.

బెజవాడ సండేస్కూల్ టీచర్:

రికార్డింగుల గురించి నాది వేరే అభిప్రాయం. చేసుకోండి, అవి రేపటికి విలువైనవే. కానీ పిల్లలకి పాఠంలా వినిపించకండి. మీ అత్తగారు "పలకరించుకోండి" అన్నప్పుడు నిజంగా పొద్దు గూకుతుండేది, నిజంగా తగువు జరిగి ఉండేది. ఫోనులో ఆ మాట ఒక్కటే వస్తుంది, ఆ సాయంత్రం రాదు.

పౌలు శిష్యుడు తిమోతి సంగతి మీకు తెలిసిందే. తండ్రి గ్రీసు దేశస్థుడు, విశ్వాసం తల్లి వైపు నుంచే వచ్చింది. 2 తిమోతి 1:5లో పౌలు ఆ విశ్వాసం "మొదట నీ అవ్వయైన లోయిలోను నీ తల్లియైన యునీకేలోను" ఉందని రాశాడు. అవ్వ దగ్గర్నుంచి మనవడికి రావడానికి మధ్యలో తల్లి ఉంది. పుణెలో ఆ పని మీదే, అక్కా. మీ నోటికి రావడం లేదంటే, మీరు ఆమె మాటని ఆమె యాసలో అంటున్నారేమో. మీరు మాట్లాడే తీరులోనే అనండి. "లైట్ ఆపే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి, ఇది మనింటి రూలు" అన్నా అదే వాక్యం. అయితే మీరూ మీ వారూ ముందు పాటించాలి, పిల్లలు చూసేది దాన్నే. అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. బియ్యం సీసాతో మొదలుపెట్టండి, దానికి మాటలతో పనే లేదు.

ఒంగోలు కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. గుంటూరు అమ్మగారూ, మీ పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. ఎనిమిదింటి ప్రార్థన కాల్ ఆలోచన మానేశాం. రాత్రి నేను వంట చేసేటప్పుడు ఫోను గట్టు మీద పెడతాను. పిల్లలకి ప్రార్థన పని ఇవ్వమంటే వెంటనే సమాజంలో జబ్బు పడ్డ ఇద్దరు అవ్వల పేర్లు చెప్పింది. బాబు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

తమ్ముడూ, నువ్వు రాసిన ఆఖరి మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

టీచర్ గారూ, సీసా విషయంలో ఒక చిక్కు వచ్చింది. పాప ఈ పాత సీసానే తీసుకెళ్తానని పట్టుబట్టింది, అత్తయ్యేమో తనకి కావాలంది. చివరికి ఇంకో సీసా కడిగి ఎండబెట్టాం. మొదటి నెల అత్తయ్య మాతో వచ్చి ఉంటానని ఒప్పుకుంది, ఇల్లు సర్దేదాకా. ఆ నెల నేను వంటింట్లో ఆమె పక్కనే నిలబడి నేర్చుకోవాలనుకుంటున్నా.

ఇప్పుడు ఇంకో సాయం కావాలి. మా వారి ఆఫీసు ఖడ్కీ వైపు. అటుపక్క తెలుగులో ఆరాధన జరిగే సంఘం, పిల్లలకి సండే స్కూలు ఉన్నది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ గుప్పెడు బియ్యం తీసుకునే సంఘమైతే ఇంకా మంచిది.