కనుమ టర్కీ బర్గర్ స్టాల్: ఎవరేం చేస్తారో ఇక్కడే రాయండి

వంటల బాధ్యుడు, రాయగడ:
ఒడిశాలోని మన తెలుగువాళ్ళ కనుమ విందుకి పనిచేసే అందరికీ నమస్కారం. గారెలు, నాటుకోడి పులుసు పెద్దవాళ్ళు తీసుకున్నారు. వాటి జోలికి నేను పోను. టర్కీ బర్గర్లు నా నెత్తిన పడ్డాయి. గుణుపురం తమ్ముడు పెరట్లో పెంచిన మూడు టర్కీ పుంజులు ఇస్తానన్నాడు. డాలస్ నుంచి వస్తున్న మేనకోడలు బర్గర్లు పెట్టమంది. నేను సరేనన్నాను. కొని తెచ్చుకున్న తద్దినం అంటే ఇదే.

(మా అమ్మమ్మ టర్కీని సీమకోడి అనేది. కొందరు గినీకోడిని కూడా అదే పేరుతో పిలుస్తారు, అందుకే టర్కీ అనే రాస్తున్నాను. కొనుగోళ్ళవాళ్ళు గమనించగలరు.)

లెక్క 60 బర్గర్లు, ఒక్కోటి 120 గ్రాములు. ముద్ద మొత్తం 7 కిలోల పైచిలుకు. రొట్టె, ఉల్లి పోను ఆరున్నర కిలోల మాంసం కావాలి. మూడు పుంజులు చాలు. ఎముకలు పులుసువాళ్ళకి.

కిందటేడు చికెన్ బర్గర్లు చెడగొట్టింది నేనే. పిల్ల గుంటలు తినేది కదా, లోపల పచ్చి మిగిలితే ఎలాగని భయపడి పెనం మీద వదిలేశాను. బావగారు ఒకటి కొరికి "పీట మీద కూర్చుని తినాలా, పీటే తినాలా?" అన్నారు. ఆ మాట ఇంకా మంట. ఈసారి థర్మామీటరు పెట్టి వండుదాం.

పర్లాకిమిడి వదిన:
జ్వరం కోడికా, నీకా మరిదిగారూ? మధ్యకి కోసి చూస్తే ఎరుపు లేకపోతే ఉడికినట్టే కదా. మా అత్తగారు జన్మలో థర్మామీటరు పట్టలేదు.

వంటల బాధ్యుడు:
అత్తగారు వండింది పులుసు వదినా. గంటసేపు మరిగే పులుసులో ముక్కకి ఏ అనుమానమూ ఉండదు. ఇది పెనం మీద పది నిమిషాల పని. పైగా కైమా. ముక్కలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైపైన ఉంటాయి, కైమా కొట్టేసరికి అవి ముద్దంతా కలిసిపోతాయి. సాల్మొనెల్లా లాంటివి నడిమధ్యలో కూడా ఉండొచ్చు. అందుకని పక్షుల కైమా ఏదైనా నడిమధ్య 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 165 ఫారెన్‌హీట్ ఇదే.

రంగుని మాత్రం నమ్మలేం. టర్కీ మాంసం 74 దాటాక కూడా ఒక్కోసారి గులాబీగానే ఉంటుంది. ఒక్కోసారి అక్కడికి చేరకుండానే తెల్లబడిపోతుంది. కిందటేడు నేను ఆ గులాబీ పోయేదాకా కాల్చే పీటలు చేశాను. అందులో ఉన్న తడంతా పెనం తాగేసింది. 74 చూడగానే దింపెయ్యండి, అటు పిల్లలకీ భయం లేదు, ఇటు పళ్ళకీ.

జ్వరం చూసేది తేవద్దు, అది 42 దగ్గర ఆగిపోతుంది. వంటకి వాడే సూది మొన ఉన్నది కావాలి. పొద్దున్నే గ్లాసు నిండా ఐసుముక్కలు వేసి, కొంచెం నీళ్ళు పోసి, కలిపి అందులో ముంచండి. సున్నా చూపిస్తే అది మంచిదే.

జయపురం మాస్టారు:
ఇదంతా సరే. పక్షుల్ని ఎక్కడ కోస్తారు? గుణుపురంలో కోసి బస్సులో సంచీతో తెస్తామంటే నేను ఒప్పుకోను. బేనరు మీద "ప్రవాస తెలుగువారు" అన్న మాటకి కూడా ఒప్పుకోను. మా తాత మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టాడు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై మా ఊరు అందులో కలిసింది. ఆయన గుమ్మం దాటలేదు.

వంటల బాధ్యుడు:
బేనరు సంగతి కార్యదర్శి చూసుకుంటారు మాస్టారూ, ఆ మాట తీసెయ్యమని నేనూ చెప్తాను. కోడి సంగతిలో మీరన్నదే నిజం. తమ్ముడూ, బతికున్నవాటినే ముందురోజు సాయంత్రం తీసుకురా. కనుమ వేకువన ఇక్కడే కోయిద్దాం. వెంటనే థర్మాకోల్ పెట్టెల్లో ఐసు మీద పెడదాం. బాగా చల్లబడ్డాకే కైమా కొట్టాలి. వెచ్చగా ఉండగా కొడితే కొవ్వు జిగురులా పూసుకుపోయి ముద్ద మైనంలా తయారవుతుంది. వంట పన్నెండింటికి. అప్పటిదాకా ముద్ద ఐసు మీంచి దిగకూడదు. బయట మహా అయితే రెండు గంటలు, పొయ్యి పక్క వేడి 32 దాటితే ఒక్క గంటే. జనవరి చలి పందిరి బయటే ఉంటుంది.

గారెల బేచ్ పిన్ని:
ఉప్పు, పసుపు వేసి రెండు నీళ్ళు కడుగుతాం కదా బాబూ? కడగని మాంసం నేను ముట్టను.

వంటల బాధ్యుడు:
పిన్నీ, కోసేవాడు కోసిన చోటే శుభ్రం చేసి ఇస్తాడు. మన పందిట్లోకి వచ్చాక బకెట్లో ముంచి కడిగితే చిందిన నీళ్ళు పక్కనున్న కీరా ముక్కల మీద, మీ గారెల పిండి మీద పడతాయి. పసుపు రుచికి వెయ్యండి. 74 చేసే పని పసుపు చెయ్యదు. పచ్చి మాంసం ముట్టినవాళ్ళు సబ్బుతో చెయ్యి కడక్కుండా బన్ను పట్టుకోకూడదు. ఈ ఒక్క మాట బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి, మనతో పనిచేసే కుర్రాళ్ళలో సగం మంది ఒడియావాళ్ళే.

ఇక మెత్తదనం. టర్కీ రొమ్ములో కొవ్వు బొత్తిగా తక్కువ, ఒక్క దానితో చేస్తే ఎంత జాగ్రత్తపడ్డా పొడిపొడిగా ఉంటుంది. తొడ మాంసం కలపండి, తోలు కొంత ఉంచండి. బ్రెడ్డు రొట్టె అంచులు తీసి పాలలో నానబెట్టి చిదిమి కలపాలి, తడిని పట్టి ఉంచేది అదే. కోరిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాల పొడి. అల్లం కొంచెమే.

ఉప్పు మాత్రం ఆఖర్న, బిళ్ళలు చేసే ముందు, లేదా బిళ్ళ పైన. ముందే ఉప్పేసి పిసికితే మాంసం బిగుసుకుని రబ్బరులా సాగుతుంది. చపాతీ పిండిలా మర్దించవద్దు, కలిసిందంటే ఆపెయ్యండి. రెండు సెంటీమీటర్ల మందం. గారెలా చిల్లు పెట్టక్కర్లేదు గానీ నడుమ బొటనవేలితో ఓ గుంట నొక్కండి, వేగేటప్పుడు మధ్య ఉబ్బి బంతిలా అవకుండా ఉంటుంది.

పెనం మధ్యస్థం మంట. అట్లు పోసేవాళ్ళకి ఓ అలవాటుంది, అట్లకాడతో నొక్కుతారు. దయచేసి నొక్కకండి. చుయ్‌మని వినపడేది మన రసం పోతున్న చప్పుడే. ఒకసారి తిప్పి మూత పెట్టండి. ఒక్కో వైపు ఇంచుమించు అయిదు నిమిషాలు, కానీ గడియారంతో తేల్చొద్దు. సూదిని పైనుంచి కాక పక్కనుంచి నడుముదాకా గుచ్చండి, పైనుంచి గుచ్చితే మొన పెనానికి తగిలి అబద్ధం చెప్తుంది. పెనం అంచున ఉన్నవి వెనకబడతాయి, వాటిని తప్పకుండా చూడాలి. ప్రతిసారీ మొన తుడిచి మళ్ళీ వాడండి. దింపాక మూడు నిమిషాలు ఆగి బన్నులో పెట్టండి.

పెనానికి పదేసి, అడిగినప్పుడే. ముందే చేసి పెట్టుకుందామని ఎవరూ అనొద్దు. హాట్‌బాక్సులో పెట్టినా లోపల 60కి తగ్గకూడదు, మూత తీస్తూ వేస్తూ ఉంటే అది నిలవదు. సాయంత్రం నాటకం అయ్యాక "రెండు పార్సిల్" అంటే ఇవ్వను. ముందే చెప్పీసినాను.

శాకాహారం తినేవాళ్ళకి మసాలావడ పావు. వేరే పెనం, వేరే అట్లకాడ, వేరే మనిషి. ఆ మనిషి ఎవరు?

జయపురం మాస్టారు:
నేను. ఐసు కూడా నేనే చూస్తాను.

వంటల బాధ్యుడు:
ఇంకా కావలసింది రెండో థర్మామీటరు. ఒక్కటే ఉంటే పులుసువాళ్ళు పట్టుకుపోతారు.

పర్లాకిమిడి వదిన:
మా అబ్బాయి దగ్గర ఉంది, కేకులకి కొన్నాడు. తెస్తాను. జ్వరం చూసేది కాదులే.